ఎదురుచూడాల్సి వస్తే చెమటలు, వణుకు.. బీపీ మాత్ర మొదలుపెట్టాలా?

ప్రశ్న: నా వయసు 54. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున టిఫిన్‌కి ముందు, రాత్రి అన్నానికి ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. ఈమధ్య ఎవరి కోసమైనా ఎదురుచూడటం నా వల్ల కావడం లేదు. హాస్పిటల్లో టోకెన్ తీసుకుని కూర్చుంటే గంట తిరిగేసరికి గుండె దడ, చెమటలు, చేతులు వణుకు. రాత్రి మావారు షాపు కట్టేసి రావడం ఆలస్యమైనా ఇంతే. ఆయన గుమ్మంలో కనబడగానే అరిచేస్తాను, తర్వాత నాకే ఏడుపొస్తుంది. ‘అమ్మకి ఓపిక పోయింది’ అంటున్నారు పిల్లలు. పోయిన నెల హాస్పిటల్లో బీపీ 160/94 ఉంది, మాత్ర మొదలుపెట్టాలన్నారు. ఇది బీపీ వల్లా, టెన్షన్ వల్లా? – ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, దడ, చెమటలు, వణుకు, ఉన్నట్టుండి కోపం, ఆ వెనకే ఏడుపు అని రాశారు. షుగర్ మాత్ర వేసుకునేవాళ్లు ఇవన్నీ కలిపి చెబితే నేను మొదట అడిగేది ఒక్కటే. ఆ టైమ్‌కి మీరు ఏమైనా తిన్నారా?

రాత్రి మాత్ర ఎనిమిదింటికి వేసుకుని, అన్నం మాత్రం మీ ఆయన వచ్చాక తింటున్నారేమోనని నా అనుమానం. ‘ఆయన రాకుండా నేనెలా తింటానండీ’ అనే మాట నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల నోట చాలాసార్లు విన్నాను. ఆయన పదింటికి వస్తారు. గ్లిమిపిరైడ్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. కడుపులోకి తిండి వచ్చినా రాకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. హాస్పిటల్‌కి వెళ్లిన రోజూ అంతే. పరగడుపున రక్తం ఇచ్చి, మాత్ర వేసుకుని, రెండు ఇడ్లీలతోనో ఒట్టి కాఫీతోనో సరిపెట్టి, డాక్టర్ పిలిచేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర.

రక్తంలో షుగర్ 70 కంటే తగ్గితే శరీరం దాన్ని పైకి లేపడానికి అడ్రినలిన్ వదులుతుంది. భయం వేసినా, ఒళ్లు మండినా వచ్చేది ఆ అడ్రినలినే. అందుకే మీకూ తెలియలేదు, మీ పిల్లలకీ తెలియలేదు. తిండి అందక వణుకుతున్న మనిషిని ఇంటిల్లిపాదీ కోపిష్టిది అనుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ మాట మోస్తూ బతకడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇది ఊహ, తేల్చుకోవడం తేలికే. ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకోండి. ఈసారి వణుకు మొదలవగానే వేలు గుచ్చి చూడండి. 70 లోపు ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి తాగండి. పైకి వచ్చాక అన్నం తినండి. గ్లూకోజ్ లేకపోతే పంచదార పనికొస్తుంది. కానీ మీ మాత్రలో వోగ్లిబోస్ కూడా ఉంటే పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. చీటీ మీద ఓసారి చూసుకోండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదని, 108కి ఫోన్ చేయాలని ఇంట్లో వాళ్లకి చెప్పి ఉంచండి. మాత్ర మీ అంతట మీరు మానేయొద్దు. డోసు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది ఆ రీడింగులు చూసి మీ డాక్టర్ చెబుతారు. ఈలోగా రాత్రి మాత్ర వేసుకున్నారంటే వెంటనే అన్నం తినేయండి. మీ ఆయన వచ్చాక పక్కన కూర్చుని వడ్డించండి, కబుర్లు చెప్పండి, ఆయనకీ ఆనందమే.

రీడింగ్ 110, 120 ఉన్నా వణుకు వస్తోందంటే అది వేరే సంగతి. థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ చేయించాలి. దడతో పాటు ఛాతీలో బరువు, ఆయాసం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. దడ తగ్గుతుందని మెడికల్ షాపులో ప్రొప్రనాలాల్ లాంటి మాత్ర అడిగి వేసుకోవద్దు. షుగర్ పడిపోతోందని హెచ్చరించే దడనీ వణుకునీ అది కప్పేస్తుంది.

ఇక ఎదురుచూపు సంగతి. అదంతా షుగర్ మీదికి తోసేసి మిమ్మల్ని పంపించేయలేను. ఎదురుచూపు నిజంగానే ఒంటికి కష్టం. ఎప్పుడు ముగుస్తుందో తెలియనిది మరీ కష్టం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 45 మందితో కంప్యూటర్ మీద ఆట ఆడించి, ఆటలో పాము కనబడితే చేతికి చిన్న షాక్ ఇచ్చారు. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగానికి సగం అనుమానం ఉన్నప్పుడే వాళ్లకి చెమటలు ఎక్కువ పట్టాయి, టెన్షన్ ఎక్కువైంది. ‘పదింటికి వస్తాను’ అని మీ ఆయన ఫోన్ చేసిన రోజు, ఏ కబురూ లేని రోజు మీకెలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇది నాకు పుస్తకంలో కంటే ఇంట్లో బాగా తెలిసింది. మా అమ్మకి బయాప్సీ చేసినప్పుడు రిపోర్టు తొమ్మిది రోజులకి వచ్చింది. మూడు రోజులన్నారు, తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎంతోమందికి ‘రెండ్రోజులు ఆగండి’ అని తేలిగ్గా చెప్పినవాణ్ని, ఆ తొమ్మిది రాత్రులూ సరిగ్గా నిద్రపోలేదు. రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదు. అయినా ఆ తర్వాత నుంచి నా ఓపీ ఆలస్యమైతే ఎంత ఆలస్యమో సిస్టర్ బయటికి వెళ్లి చెప్పాల్సిందేనని పెట్టాను. మీరు వెళ్లే చోట ఎవరూ చెప్పకపోతే అడగండి. ‘నా నంబర్ రావడానికి ఎంతసేపు పడుతుంది, ఈలోగా టిఫిన్ తిని రావచ్చా?’ అని అడగడం మీ హక్కు.

తిరుమలలో వైకుంఠం కాంప్లెక్స్‌లో గంటలకు గంటలు కూర్చున్నవాళ్లే హాస్పిటల్లో అరగంటకి మండిపడతారని కొందరు తప్పుపడతారు. నేను తప్పుపట్టను. అక్కడ కంపార్ట్‌మెంట్లో పక్కన కూర్చున్నవాళ్లు కూడా మనలాగే ఆగుతున్నారు, పాలో ప్రసాదమో అందుతుంది, చివర్లో దర్శనం ఉంటుందని తెలుసు. ఇక్కడ మన వెనక వచ్చినవాళ్లు కాంపౌండర్‌కి తెలుసని ముందు లోపలికి వెళ్తారు. అప్పుడు వచ్చే కోపం న్యాయమైనదే.

బీపీ సంగతి. పరగడుపున వచ్చి, మూడు గంటలు కూర్చుని, నంబర్ ఎక్కడ పిలిచేస్తారోనని బాత్రూమ్‌కి కూడా వెళ్లకుండా బిగబట్టుకున్న మనిషికి చూసిన 160/94ని నేను అసలు బీపీ అని ఒప్పుకోను. మూత్రం ఆపుకున్నా బీపీ పెరుగుతుంది. అలాగని కొట్టిపారేయను కూడా, షుగర్ ఉన్నవాళ్లలో బీపీ తరచూ జతకడుతుంది. మోచేతి పైభాగానికి పట్టీ చుట్టే మెషీన్‌తో వారం రోజులు ఇంట్లో చూడండి. పొద్దున మాత్రలకి ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో నిమిషం ఆగి. అంతకు ముందు అరగంట కాఫీ, టీ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకి ఆనించి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. మొదటి రోజు లెక్క వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే బీపీ ఉన్నట్టే, మీ డాక్టర్ చెప్పిన మాత్ర మొదలుపెట్టాలి. తక్కువే ఉంటే మీ డాక్టర్‌తో మాట్లాడి, కొన్నాళ్లు ఇంట్లోనే చూస్తూ ఉండవచ్చు. 180/110 దాటి వస్తుంటే వారం ఆగకుండా వెళ్లిపోండి.

బీపీ, షుగర్ రీడింగులు రెండూ ఒకే కాగితం మీద టైమ్‌తో సహా రాసుకుని మీ డాక్టర్‌కి చూపించండి. పరగడుపున రక్తం ఇవ్వాల్సిన రోజు మాత్రనీ టిఫిన్‌నీ కూడా తీసుకెళ్లి, రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకుని, వెంటనే కడుపు నిండా తినండి. డాక్టర్ పిలుపు మధ్యాహ్నం దాకా సాగొచ్చు కాబట్టి సంచిలో గ్లూకోజ్ పొట్లం, నాలుగు బిస్కెట్లు, నీళ్ల సీసా పెట్టుకోండి.