హంగేరియన్ పేర్లను తెలుగువాళ్లు ఎలా పలకాలి?

కొత్త ఉద్యోగంలో హంగేరియన్ సహోద్యోగులను పలకరించేముందు వారి పేర్లు ఎలా పలకాలో తెలుసుకోవాలని మీరు అడిగారు. బుడాపెస్ట్‌లో, అంటే అక్కడివారి నోట ‘బుదొపెష్త్’లో, చదువుకున్న అనుభవంతో చెబుతున్నాను: ఆ పేర్లను ఇంగ్లీషు పద్ధతిలో చదవకుండా, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకోండి.

ముందుగా త, ద ల సంగతి. మన పత్రికలు సాధారణంగా ‘జుడిత్’ అని రాసే హంగేరీ చదరంగ క్రీడాకారిణి పోల్గార్ పేరు నిజానికి ‘యుదిత్’. హంగేరియన్‌లో జె అక్షరం ‘య’గా పలుకుతుంది, టి, డి అక్షరాలు ఇంగ్లీషు చదువు మనకు అలవాటు చేసిన ట, డ లుగా కాక, నాలుక పళ్లకు తగిలే త, ద లుగానే వినిపిస్తాయి. ఎస్ ఒంటరిగా ఉంటే ‘ష’, దాని పక్కన జెడ్ చేరితే ‘స’ అవుతుంది కనుక షాందోర్, ఇష్త్వాన్ అనాలి, లాస్లో అనాలి. సి అక్షరం ‘త్స’ కాబట్టి ఫెరెంత్స్.

అచ్చుల మీద కనిపించే గీత దీర్ఘానికి గుర్తు, ఊనికకు కాదు. ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే పడుతుంది. ‘ఇష్త్వాన్’లో ‘ఇష్’ను నొక్కి పలుకుతూనే ‘వా’ను పూర్తిగా సాగదీయాలి. గీత లేని ఎ (a) అక్షరాన్ని పెదవులు కొంచెం గుండ్రంగా చేసి, మన ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు. 2023లో వైద్య నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త కాటలిన్ కరికో పేరు అక్కడ ‘కొరికో కొతొలిన్’ అని వినిపిస్తుంది. ‘ఒన్నొ’ వంటి పేర్లలోని ద్విత్వం ఇంగ్లీషువారికి కష్టమేమో గాని, మనకు పుట్టుకతో వచ్చిందే.

తెలుగు అక్షరం చాలని చోట్లూ ఉన్నాయి. ‘జోఫియొ’లోని మొదటి హల్లు ‘విజన్’ అనే ఇంగ్లీషు మాట మధ్యలో వినిపించే ధ్వని. ‘ద్యోర్ద్య్’ అనే పేరులోని అచ్చు కోసం తెలుగు ‘ఎ’ అంటూ పెదవులను ‘ఒ’కు మాదిరిగా గుండ్రంగా చుట్టాలి, దీనికి అద్దం ముందు సాధన తప్ప దగ్గరిదారి లేదు.

హంగేరియన్లు కూడా ఇంటిపేరునే ముందు రాస్తారు. 2002లో యుదిత్ రికార్డును దాటి, అప్పటికి గ్రాండ్‌మాస్టర్ హోదా పొందిన అతి పిన్నవయసు మహిళ అయిన మన క్రీడాకారిణిని కోనేరు హంపి అన్నట్టే ఆమెను పోల్గార్ యుదిత్ అంటారు. అంతర్జాతీయ మెయిళ్లలో మాత్రం ఈ వరుసను తిరగేస్తారు కనుక, సంతకంలో ఏది ఇంటిపేరో ముందే చూసుకోండి. లాస్లోను సన్నిహితులు ‘లొత్సి’ అని, షాందోర్‌ను ‘షొన్యి’ అని పిలుస్తారు. వారంతట వారు చెప్పేదాకా మీరు పూర్తి పేరే వాడండి.