అల, అవ్వల, దవ్వు

సందేహం: ‘అల వైకుంఠపురంబులో’ పద్యం చదువుతుంటే మా అమ్మాయి ‘అల’ అంటే ‘అలా’ అనేనా అని అడిగింది. నాకూ తెలియలేదు. అల, అవ్వల, దవ్వు, దూరం – ఇవన్నీ ఒకే అర్థంలో వాడే మాటలేనా?

సమాధానం: ‘అలా’ అంటే ఆ విధంగా. దానికీ ఈ ‘అల’కూ పొత్తు లేదు. ‘అల’ వేలు చాచి చూపే మాట. అన్నమయ్య ‘అదివో అల్లదివో’ అన్నప్పుడూ, మనం ‘అల్లంత దూరాన’ అన్నప్పుడూ వినిపించే ‘అల్ల’ దీని తోబుట్టువే. తెలుగులో ఇకారం దగ్గరిదాన్ని, అకారం దూరపుదాన్ని చూపుతుంది కదా!

ఇక ‘అవ్వల’. ఇదీ ‘అల వైకుంఠపురంబులో’ పద్యమున్న పోతన భాగవతంలోని గజేంద్రమోక్షంలోనే ఉంది. మడుగులో మొసలికి చిక్కిన ఏనుగు ‘పెంజీకటి కవ్వల’ ఏకాకృతితో వెలిగేవాణ్ణి సేవిస్తానంటుంది. అవ్వల అంటే ఒట్టి దూరం కాదు. ముందొక హద్దు ఉండాలి. ఏటికి ఆవల అంటాం, కొండకు ఆవల అంటాం. లోకాలూ, లోకేశులూ, లోకస్థులూ అంతా నశించాక మిగిలిన పెనుచీకటినే పోతన హద్దుగా నిలిపాడు! దాని అవతల ఎవరో ఉన్నారన్న నమ్మకమొక్కటే ఏనుగుది. అది మొరపెట్టుకున్న కొన్ని పద్యాలకే కవి అందుకుని ‘అల’ అంటాడు. ఏనుగు కంటికి అందనిది ఆయనకు కనబడుతోంది. వైకుంఠపురం, అందులో నగరు, ఆ నగరులో మూలనున్న సౌధం, మందారవనం, ఆ వనంలో అమృతసరస్సు, దాని ఒడ్డున చంద్రకాంతశిల, కలువల పాన్పు! ఎక్కడో మొదలైన చూపు పాన్పు దాకా వచ్చి ఆగుతుంది. ఛందస్సు సంగతి అటుంచి, ‘అల’ స్థానంలో ‘ఆ’ పెట్టి చదివి చూడండి. అర్థం ఉంటుంది, చాచిన వేలు ఉండదు. ఇక్కడ ‘అల’కు ‘ప్రసిద్ధమైన’ అని అర్థం చెప్పేవారూ ఉన్నారు. దాన్ని నేను కాదనను, నా మనసుకు మాత్రం వేలే కనబడుతుంది.

అదే పద్యంలోని ‘దాపల’ మీదా వాదముంది. కాడికి ఎడమ పక్క కట్టే దాపటెద్దును ఎరిగిన రైతుకు అది ఎడమ పక్క. ‘దాపు’ అంటే చేరువ కాబట్టి ‘దగ్గర’ అనేవారున్నారు. నా మొగ్గు ఎడమ వైపే అయినా రెండోది తప్పని తీర్పు చెప్పలేను.

ఇన్ని మాటలుండగా ఇప్పటి రాతల్లో అన్నిటికీ ‘దూరం’ ఒక్కటే గతి. అది చాలదనిపిస్తే ముందు ‘సు’ తగిలిస్తారు. జిల్లా కేంద్రం నుంచి రెండు గంటల్లో చేరే పల్లె కూడా ‘సుదూర ప్రాంతం’ అయిపోతోంది! 2020లో కరోనా వచ్చినప్పుడు ‘సామాజిక దూరం’ పాటించమన్నారు. సమాజానికి దూరం కమ్మని ఎవరైనా చెబుతారా? మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం ఉంచాలని ప్రతి రైతుకూ తెలుసు. ‘ఎడంగా నిలబడండి’ అంటే సరిపోయేది.

దవ్వు అంటే దూరమే. సంస్కృతంలో ‘దూర’ శబ్దానికి దవీయస్ (మరింత దూరమైనది), దవిష్ఠ (అన్నిటికన్నా దూరమైనది) అనే తర, తమ రూపాలున్నాయి. ఆ పోలిక ఆకర్షణీయమే కాని, అంత మాత్రాన దవ్వును సంస్కృతభవమని తేల్చడానికి నేను సిద్ధంగా లేను.