చర్చి సెక్రటరీ అయిన మేనల్లుడికి: సోలార్ కంటే ముందు మీటరు

ప్రియమైన అల్లుడికి, ప్రభువు నామంలో శుభములు.

తాడిపత్రి సంఘానికి నిన్ను సెక్రటరీగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. చర్చి ఫ్యాన్లన్నీ మార్పించాలని, పైన సోలార్ పెట్టించాలని కమిటీలో గట్టిగా మాట్లాడుతున్నావంట. దేవుడిచ్చిన నేలా నీళ్లూ పాడు కాకూడదన్న తపన ఈ వయసులోనే నీకుండడం నాకు గర్వంగా ఉంది. కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైనవాణ్ణి, ఇక్కడ అనంతపురంలో మా సంఘం లెక్కలు చూస్తున్నవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా. నువ్వు చేయాలనుకున్న పని మంచిదే, మొదలుపెట్టే చోటు మాత్రం అది కాదు.

ఫ్యాన్ల లెక్కే చూడు. చర్చిలో 20 ఫ్యాన్లు ఉన్నాయనుకో. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం ఫ్యాను 30 వాట్లు తీసుకుంటుంది. ఆదివారం నాలుగు గంటలు తిరిగితే ఇరవై ఫ్యాన్ల మీదా కలిపి మిగిలేది 3.6 యూనిట్లు. నెలలో నాలుగు ఆదివారాలకు కలిపి 15 యూనిట్లు కూడా రావు. అదే పాస్టరు అయ్యగారి ఇంట్లో హాలు ఫ్యాను రోజుకు 18 గంటలు తిరుగుతుంది. ఆ ఒక్కటి మారిస్తే నెలకు 24 యూనిట్లు తగ్గుతాయి. కాబట్టి చేతిలో ఉన్న డబ్బుతో ముందు అయ్యగారి ఇంటికి, హాస్టల్ ఉంటే హాస్టల్‌కు కొత్త ఫ్యాన్లు కొనండి. ఇంకో సంగతి. చర్చి ఫ్యాన్ల రెక్కల మీద జ్ఞాపకార్థం అని చనిపోయినవాళ్ల పేర్లు రాసి ఉంటాయి. వాటిని ఊడదీస్తే ఆ కుటుంబాలు బాధపడతాయి. పదిహేను యూనిట్ల కోసం ఆ బాధ పెట్టవద్దు. ఫ్యాను కాలిపోయినప్పుడు, ఆ ఇంటివాళ్లతో మాట్లాడి, అదే పేరుతో కొత్తది పెట్టించు.

చర్చిలో కరెంటు తినేది రాత్రంతా వెలిగేవి. సిలువ మీది లైటు, గేటు లైట్లు, ఆవరణలో ఫ్లడ్ లైట్లు. పాత 400 వాట్ల లైటు ఒకటి సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా వెలిగితే రాత్రికి దాదాపు 5 యూనిట్లు. 100 వాట్ల ఎల్‌ఈడీ పెడితే ఒకటింబావు యూనిట్లతో సరిపోతుంది. ఇరవై ఫ్యాన్లతో వారానికి మిగిలేదంతా ఈ ఒక్క లైటుతో ఒక్క రాత్రికే మిగులుతుంది. క్రిస్మస్ స్టార్లు కూడా పది గంటలకు ఆర్పేస్తే దేవుని మహిమ ఏమీ తగ్గదు, అబ్బీ.

పనిలో పనిగా పాత డబ్బా రెగ్యులేటర్ల మీద చెయ్యి పెట్టి చూడు. ఫ్యానును ఒకటో రెండో నంబరులో పెట్టినప్పుడు ఆ డబ్బా వేడెక్కి ఉంటుంది. తగ్గించిన కరెంటులో చాలాభాగం అట్లా వేడిగా పోతోందన్నమాట. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌కు అయ్యే ఖర్చు తక్కువ, దాన్ని మార్చినా పేరున్న ఫ్యాను అక్కడే ఉంటుంది.

ఇవన్నీ ఎట్లా తెలుస్తాయంటే, మీటరు దగ్గర నిలబడితేనే తెలుస్తాయి. శనివారం సాయంత్రం చర్చిలో స్విచ్చులన్నీ ఆపించి మీటరు చూడు. ఎర్ర లైటు టప్ టప్‌మని కొట్టుకుంటూనే ఉంటే ఎక్కడో ఏదో తాగుతోందని అర్థం. ఆంప్లిఫయరు కావచ్చు, ఎవరూ తెరవని గదిలో ఫ్రిజ్ కావచ్చు. సండే స్కూల్ పిల్లలకు రీడింగు రాయడం నేర్పించు. పన్నెండేళ్ల పిల్లవాడు ఇంటికి పోయి సొంత మీటరు చూస్తే, మనం పది ప్రసంగాలు చెప్పినా రాని మార్పు ఆ ఇంట్లో వస్తుంది. చర్చి వారానికి కొన్ని గంటలే తెరిచి ఉంటుంది, విశ్వాసుల ఇళ్లలో ఇరవైనాలుగు గంటలూ కరెంటు వాడతారు. అసలైన ఆదా ఉన్నది ఆ ఇళ్లలో. గృహ ప్రార్థనలకు పోయినప్పుడు స్త్రీల సమాజం వాళ్లతో ఈ మాట చెప్పించు. నువ్వు చెబితే లెక్చరు అనుకుంటారు, వాళ్లు చెబితే వింటారు. ఇరుకు ఇంట్లో ఒక్క బల్బుతో బతికేవాళ్లకు మాత్రం పొదుపు పాఠం చెప్పొద్దు.

నీళ్ల సంగతి మన జిల్లాలో కరెంటుకంటే పెద్దది. అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అది దాదాపు 50 వేల లీటర్లు. కొంత ఆవిరైపోయినా 40 వేలు దక్కుతాయి. మిద్దె నీళ్లను పైపుతో దించి బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పంపించండి. గుంతలో కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగాలి, లేకపోతే బురద పట్టి నీళ్లు దిగవు. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగేట్టు ఫ్లోట్ స్విచ్చు పెట్టించు. పొర్లిన ప్రతి బిందె వెనుకా మోటారు తాగిన కరెంటు ఉంది. వేపా, కానుగా నాటాలంటే సెప్టెంబరు నెల మంచిది. చాలా సంఘాలు సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా సృష్టి కాలం అని దేవుని సృష్టి కోసం ప్రార్థించే వారాలు పాటిస్తున్నాయి, మన దగ్గర వానలు బాగా పడేదీ అప్పుడే. ఆ వారాల్లో ఆదికాండం రెండో అధ్యాయం మీద ప్రసంగించమని అయ్యగారిని అడుగు. దేవుడు మనిషిని తోటలో ఉంచింది సేద్యం చేయడానికీ, కాయడానికీ అని అక్కడే ఉంది.

ప్రేమ విందుకు ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు మానేసి విస్తరాకులు, స్టీలు గ్లాసులు పెట్టండి. ఎండాకాలం ఆరాధన ఏడు గంటలకే మొదలుపెట్టండి. లోపల వేడి తగ్గేందుకు మిద్దెకు తెల్ల సున్నం కొట్టించండి.

ఇక సోలార్. ఒక కిలోవాట్‌కు సుమారు నూరు చదరపు అడుగుల చోటు కావాలి, మన ఎండకు రోజుకు 4 యూనిట్ల దాకా వస్తుంది. కానీ చర్చిలో పగటిపూట వాడకం ఆదివారమే కదా, మిగతా ఆరు రోజుల కరెంటు లైనులోకి పోయి లెక్కకు రావాలంటే నెట్ మీటరు ఉండాలి. అది ఖాయమయ్యాకే డబ్బు కట్టండి. మిద్దె మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, చర్చికి రాదు. 3 కిలోవాట్లకు 78 వేల దాకా ఇస్తున్నారు, సొంత మిద్దె ఉన్న విశ్వాసులకు ఆ సంగతి ప్రకటనల్లో చెప్పించు.

కరెంటు బిల్లులో మిగిలే డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ముందే కమిటీలో తీర్మానం రాయించు, లేకపోతే గొడవలు అక్కడే మొదలవుతాయి. పోయిన ఏడాది బిల్లులు పన్నెండూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ప్రార్థనా స్థలాలకు వేరే కేటగిరీ ఉంది, మీ బిల్లు కమర్షియల్‌లో పడిందేమో చూసి చెప్తా. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ