ధర్మంగా వ్యాపారం చేస్తానంటున్న అమ్మాయి: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది ఆదోని. ఇరవై ఏళ్లకు పైగా నూనెలు, పప్పుల హోల్‌సేల్ దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. ఉద్యోగం వద్దు, రైతుల దగ్గర న్యాయమైన ధరకు వేరుశనగ కొని కల్తీ లేని గానుగ నూనె అమ్మే కంపెనీ పెడతానంటోంది. విలువలున్న వ్యాపారమే చేస్తుందట. నాకు తెలిసిన మార్కెట్లో నిజాయితీగా ఉన్నవాళ్లు నిలదొక్కుకున్నది తక్కువ. దీన్ని కెరీర్ అనవచ్చా? ముందు ఏ కోర్సు చేయించాలి? ఉద్యోగం లేదంటే రేపు సంబంధాలు కూడా కష్టమేమో అనిపిస్తోంది.

జవాబు: కెరీర్ అనవచ్చు, సందేహం లేదు. కోర్సు సంగతి తర్వాత చూద్దాం. మీరు వ్యాపారి కాబట్టి ముందు లెక్కల్లోకే వెళ్దాం. మీ అమ్మాయి చేత ఈ వారమే ఒక కాగితం మీద లీటరు నూనెకు అయ్యే ఖర్చు రాయించండి.

చెక్క గానుగలో లీటరు నూనె రావాలంటే వేరుశనగ పప్పు రకాన్ని బట్టి రెండుంబావు నుంచి రెండున్నర కిలోలు పడుతుంది. పప్పు కిలో 120 రూపాయలనుకుంటే ముడిసరుకే 270 నుంచి 300 రూపాయలు. నూనె తీయగా మిగిలే పిండి చెక్క అమ్మితే కొంత తిరిగి వస్తుంది. ఆ మీద కరెంటు, కూలి, సీసా, లేబులు, రవాణా, పన్ను, దుకాణదారు కమీషన్ ఉన్నాయి. ఇవన్నీ కలిపాక పక్క షాపులో గానుగ నూనె అని రాసి లీటరు 200కు అమ్ముతుంటే ఆ సీసాలో ఏముందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ధరతో మీ అమ్మాయి పోటీ పడలేదు, పడకూడదు. తన ధర ఇచ్చి కొనే ఇళ్లు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, వాళ్ల దగ్గరికి సరుకు ఎలా చేరుతుంది అన్నదే ఆమె అసలు పరీక్ష. 'రైతుకు మేలు చేయాలి' అన్న మాటకు కొనేవాడు ఒకసారి కొంటాడు. రెండోసారి కొనేది రుచి చూసే.

ఇంకో విషయం ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. గానుగ నూనె కాబట్టి స్వచ్ఛమేనన్న నమ్మకం సగమే నిజం. కోత సమయంలో వాన పడి, కాయలు సరిగా ఆరకుండా గోతాల్లోకి చేరితే పప్పుకు బూజు పడుతుంది. ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం పుడుతుంది. రిఫైనరీలో నూనెను శుద్ధి చేసేటప్పుడు అది చాలావరకు పోతుంది, గానుగలో వడగట్టి అమ్మే నూనెలో ఉండిపోవచ్చు. అంటే మంచి ఉద్దేశంతో మొదలుపెట్టిన వ్యాపారమే చెడ్డ నూనె అమ్మే ప్రమాదం ఉంది. ముడతలు పడిన, రంగు మారిన, పగిలిన పప్పును ఏరించాలి, తేమ చూసి కొనాలి, నమూనాలు ల్యాబ్‌కు పంపాలి. ఇదంతా డబ్బే. అంతటితో అయిపోదు. ఏరి పక్కన పెట్టిన ఆ పుచ్చు పప్పును ఏం చేస్తుంది? మార్కెట్లో దాన్ని కొనేవాళ్లుంటారు. వాళ్లు ఆడించి నూనె ఎక్కడో కలుపుతారు, చెక్క పాడి పశువులకు పోతుంది, ఆ విషం తాలూకు అంశం పాలలోకి వస్తుంది. నా నూనెలో లేదు కదా అని చేతులు దులుపుకుంటుందా, నష్టానికి ఒప్పుకుని ఆ సరుకును తిండిలోకి పోకుండా చూస్తుందా? ఈ ప్రశ్నకు ఆమె ఏం చెబుతుందో వినండి. వ్యాపార ప్రణాళిక ఇరవై పేజీలు చదివినా మీకు తెలియనిది ఆ ఒక్క జవాబులో తెలుస్తుంది.

లేబులు సంగతి కూడా చూడండి. 'కొలెస్ట్రాల్ లేదు' అని కొందరు పెద్ద అక్షరాలతో వేసుకుంటారు. ఏ మొక్క నుంచి తీసిన నూనెలోనైనా అది ఉండదు. అబద్ధం కాదు, కానీ పక్కవాడి నూనెలో ఉందనిపించేలా రాసిన నిజం.

మంచి పనికి డబ్బివ్వడం, వ్యాపారాన్ని మంచిగా నడపడం ఒకటే అనుకునే పొరపాటు మనవాళ్లలో బాగా ఉంది. సత్యం కంప్యూటర్స్‌ను గుర్తు చేసుకోండి. 108 అంబులెన్స్ సేవ 2005లో ఆ కంపెనీ అధినేత రామలింగరాజు చొరవతోనే మొదలైంది. ఆ సేవ ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఏళ్ల తరబడి ఖాతాలు తారుమారు చేశామని ఆయనే లేఖ రాశారు. లేని నగదు వేల కోట్లలో తేలింది. దానధర్మాలూ నిజమే, దొంగ లెక్కలూ నిజమే. అందుకే మీ అమ్మాయి తన కంపెనీ సమాజానికి ఏం ఇస్తుందో చెబుతుంటే మధ్యలో ఆపి, రోజువారీ పద్దు ఎవరు రాస్తారు, ఎవరు తనిఖీ చేస్తారు అని అడగండి. బీకాం చదివిన పిల్లకు ఇది చేతిలో ఉన్న బలం. ఇంజినీరింగ్ చదివి కంపెనీలు పెట్టే కుర్రాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే.

నిలబడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. మచిలీపట్నం ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టుకతో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇచ్చేది లేదన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి సాధించుకున్నారు, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివారు, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. అక్కడ వికలాంగులకు ఉద్యోగాలిస్తారు, పర్యావరణానికి హాని చేయని ప్యాకింగ్ సామగ్రి తయారు చేస్తారు. రతన్ టాటా అందులో పెట్టుబడి పెట్టారు. గమనించాల్సింది ఏమిటంటే ఆ సామగ్రి కొనే కంపెనీలు జాలితో కొనవు. నాణ్యత, ధర కుదిరితేనే ఆర్డరు. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 58 ఏళ్లకు ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై 1976లో 11 పడకలతో పెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిదీ అదే దారి. డబ్బు కట్టగలిగినవాళ్ల రుసుముతో కట్టలేనివాళ్లకు ఆపరేషన్లు. కంట్లో పెట్టే లెన్సు ఖరీదు అడ్డం వస్తోందని 1992లో సొంతంగా తయారీ సంస్థ పెట్టి ధర తగ్గించారు.

ఇక పెట్టుబడి. నా దగ్గరికి వచ్చే పిల్లలు దీన్ని ఆఖరున ఆలోచిస్తారు. నేను మొదట అడిగేది ఇదే. ఎవరి డబ్బుతో మొదలుపెడతామో వాళ్ల తొందర మన తొందర అవుతుంది. పేద మహిళలకు అప్పులిచ్చే లక్ష్యంతో మన ప్రాంతంలోనే స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్‌కేఎస్, లాభాపేక్ష ఉన్న కంపెనీగా మారి, 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. ఆ ఏడాది అక్టోబరు నాటికి మొత్తం సూక్ష్మరుణ రంగం మీద వసూళ్ల ఒత్తిడి గురించి, ఆత్మహత్యల గురించి ఆరోపణలు వెల్లువెత్తి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. మొదలుపెట్టినవాళ్ల మనసు చెడ్డదని నేను అనడం లేదు. ప్రతి మూడు నెలలకూ పెరుగుదల చూపించాల్సిన డబ్బు వెనక నిలబడితే, అప్పు తీసుకున్న మనిషి ఇంటి పరిస్థితి ఆ లెక్కలో కనిపించదు. అందుకని మొదటి మూడేళ్లు మీ దుకాణం పూచీ మీద బ్యాంకు రుణం, కాస్త సొంత సొమ్ము చాలు. ఇన్వెస్టర్లు అక్కర్లేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి సహకార సంఘాలది. 1956లో కాశీ విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు ఈనాటికీ రైతులదే. మీ రాయలసీమలోనే, చెన్నేకొత్తపల్లిలో, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ చేయూతతో నడిచే ధరణి రైతు సహకార సంఘం ఉంది. సభ్యుల పంటలు కొని, శుద్ధి చేసి, తమ పేరుతో అమ్ముతారు. అమ్మాయిని తీసుకుని మీరూ వెళ్లి రండి. కాటా దగ్గర గంట నిలబడితే మీ ఇరవై ఏళ్ల అనుభవానికి తెలిసే విషయాలు ఆమెకు మీరే చూపించగలరు.

కోర్సు అడిగారు. డిగ్రీ అయ్యాక వెంటనే కంపెనీ వద్దు. రెండేళ్లు జీతానికి పని చేయనివ్వండి. రైతు ఉత్పత్తిదారుల సంస్థలో కొనుగోళ్ల విభాగమైనా, ఆహార కంపెనీలో నాణ్యత విభాగానికి దగ్గరగా ఉండే పనైనా, ఆడిటర్ ఆఫీసైనా మంచిదే. పీజీ చేయాలనుంటే గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో అమూల్ కురియన్ స్థాపించిన గ్రామీణ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఇర్మా ఉంది. ఇప్పుడది త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంలో భాగం. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్)లో సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ కోర్సు ఉంది. కంపెనీ మొదలుపెట్టే దశలో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ (నార్మ్)లో ఉన్న ఎ-ఐడియా అనే కేంద్రం వ్యవసాయ స్టార్టప్‌లకు తోడ్పడుతుంది. చిన్న ఆహార పరిశ్రమలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ ఇచ్చే కేంద్ర పథకం 2020లో వచ్చింది. ఆ సమయానికి అమల్లో ఉందో లేదో కనుక్కుని దరఖాస్తు చేయండి. రాయితీ వస్తుందన్న ధైర్యంతో మాత్రం యంత్రాలు కొనవద్దు.

చట్టంలో ఆమెకు పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం చిన్న తయారీదారు దగ్గర కొన్నవారు, ఒప్పందం ఉన్నా సరే, 45 రోజుల్లోగా డబ్బు కట్టాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. గడువు దాటాక కడితే, కట్టిన ఏడాదే తప్ప ముందు ఆ మొత్తాన్ని ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపలేరని 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి నిబంధన వచ్చింది. అయితే వట్టి కొని అమ్మే వ్యాపారులకు ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. ఈ పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ నమోదులో తయారీదారుగా చేరాలి. తనకు రావాల్సినదాన్ని ఇలా గట్టిగా అడిగే మనిషి, రైతుకు ఇవ్వాల్సింది కాటా వేసిన రోజే ఇవ్వాలి. అరువు మీద సరుకు తిప్పడం అలవాటైన మీకు ఇది మింగుడుపడకపోవచ్చు. మీ ఇద్దరికీ మొదటి గొడవ వచ్చేది ఇక్కడే, రానివ్వండి.

సంబంధాల గురించి: రెండేళ్లు ఉద్యోగం చేస్తుంది కాబట్టి ఆ భయం ఇప్పటికి లేదు. ఆ తర్వాత సొంత కంపెనీలో తన పేరు మీద మొదటి నెల నుంచి జీతం రాసుకోమనండి, పది వేలైనా సరే. చాలా చిన్న వ్యాపారాలు లాభంలో ఉన్నట్టు కనిపించేది యజమాని శ్రమకు కూలి కట్టకపోవడం వల్లే. ఆ జీతం ఇచ్చి కూడా లెక్క మిగులుతుంటే నడపమనండి. రెండు సీజన్లు వరుసగా మిగలకపోతే మూసేయమనండి. అదీ ముందే కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి.