చెక్క ప్రొపెల్లర్ బోల్టులు ఒకసారి బిగిస్తే సరిపోదా?

సొంతంగా కట్టుకున్న చిన్న విమానానికైనా సరిపోదు. చెక్క తేమకి ఉబ్బుతుంది, పొడి వాతావరణంలో కుంచించుకుపోతుంది. దాంతోపాటే బోల్టుల బిగువూ మారుతుంది.

ప్రొపెల్లర్‌ను తిప్పేది బోల్టులే అని చాలామంది అనుకుంటారు. అసలు పని ఎక్కువగా చేసేది హబ్ ప్లేటుకీ (ప్రొపెల్లర్ నడిమి భాగం ఆనుకునే లోహపు పలక) చెక్కకీ మధ్య ఉండే ఘర్షణ. పట్టు సడలితే చెక్క ఆ ప్లేటు మీద సన్నగా కదులుతూ వేడెక్కుతుంది. విప్పి చూస్తే హబ్ దగ్గర నల్లగా మాడిన మచ్చలుంటాయి. అక్కడిదాకా వస్తే ఇక దాంతో ఎగరొద్దు.

తయారీదారు వేరే చెప్పకపోతే మొదటి ఫ్లయిట్ తర్వాత, 25 గంటలు ఎగిరాక, ఆపైన ఎగిరిన ప్రతి 50 గంటలకోసారి, వాతావరణం మారినప్పుడల్లా బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి. ‘ఇంకో చుట్టు తిప్పుదాం’ అనే అలవాటు మాత్రం వద్దు. ఎక్కువైతే చెక్క నారలు నలిగిపోతాయి.

లోహపు బ్లేడు అయితే అంచును వేలితో తడిమి చూడండి. రాయి తగిలిన చిన్న గాటు నుంచే పగులు మొదలవుతుంది.

ఇంజిన్ సంగతి: చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూసేముందు, ట్యాంకులో గుడగుడ శబ్దం వచ్చేదాకా ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో తిప్పాలి. లేకపోతే డిప్‌స్టిక్ (మట్టం కొలిచే పుల్ల) తప్పు చూపిస్తుంది. మాగ్నెటో (బ్యాటరీ లేకుండానే నిప్పురవ్వ పుట్టించే పరికరం) ఉన్న ఇంజిన్లలో, దాన్ని ఆపే గ్రౌండ్ తీగ తెగితే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇంజిన్ అంటుకోవచ్చు. ఏ ఇంజిన్ అయినా సరే, ఇగ్నిషన్ ఆపినా బ్లేడు తిరిగే దారిలో చెయ్యి తప్ప ఒళ్లు పెట్టకండి, ఆ చెయ్యి కూడా జాగ్రత్తగానే.