ఆస్ట్రేలియా ఆదివాసీ తల్లుల మీద పరిశోధన: మొదట ఎవరిని కలవాలి?

ప్రశ్నావళి సిద్ధం, ఇక ఆదివాసీ గర్భిణులను ఎలా కలవాలి అని అడిగారు. ప్రశ్నావళి ముందే సిద్ధమైపోవడమే మొదటి పొరపాటు. ఏం అడగాలో వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి.

ముందు ఆ ప్రాంతంలో ఆదివాసీలే నడుపుకునే ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఇలాంటిది మొదట 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో మొదలైంది. వాళ్ల బోర్డు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఎథిక్స్ కమిటీకి, అంటే పరిశోధన న్యాయంగా జరుగుతుందో లేదో చూసి అనుమతి ఇచ్చే కమిటీకి దరఖాస్తు పెట్టండి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఆదివాసీ ఆరోగ్య పరిశోధనలకు విడిగా కమిటీ ఉంది, యూనివర్సిటీ అనుమతి ఉంది కదా అని ఊరుకోవద్దు.

అసలు చిక్కు భయం దగ్గర వస్తుంది. “ఇంట్లో ఎవరెవరుంటారు? మద్యం తాగుతారా?” అన్నవి మీకు మామూలు ప్రశ్నలే. కానీ తరాల తరబడి ప్రభుత్వమే ఆదివాసీ తల్లుల ఒళ్లోంచి పిల్లల్ని లాక్కుపోయింది. దీనిమీద 1997లో వచ్చిన జాతీయ విచారణ నివేదిక నిండా అవే గోడులు. ఫారం, పెన్ను చూడగానే తల్లి నోరు కట్టేసుకుంటుంది. అందుకే ఏది గుట్టుగా ఉంచుతారో, ఏది చట్టప్రకారం అధికారులకు చెప్పక తప్పదో మొదటి ప్రశ్నకన్నా ముందే చెప్పేయండి. ఫారం పక్కనపెట్టి, టీ తాగుతూ కబుర్లలో వినండి. దీన్నే అక్కడ ‘యార్నింగ్’ అంటారు.

కాన్పు ముచ్చట్లు ఆడవాళ్ల సంగతి, మగవాళ్లను పంపకండి. ఊళ్లో చావు జరిగితే పని ఆపేయాలి, ఒక్కోసారి వారాలపాటు. గడువులో ఆ వెసులుబాటు ముందే పెట్టుకోండి. పెద్దల సమయానికి డబ్బు బడ్జెట్‌లోనే చూపించండి, శాలువాతో సరిపెట్టకండి. ఫలితాలు పరిశోధన పత్రికకన్నా ముందు వాళ్లకే చేరాలి.