ఆ కుర్చీలోంచి లేవండమ్మా!

ప్రశ్న: మాస్టారూ, నాకు 38 ఏళ్లు. మా అమ్మాయి ఏడాదిగా కరాటే నేర్చుకుంటోంది. వారానికి మూడు రోజులు తనని దింపి, గంటసేపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను. నాకూ ఏదైనా నేర్చుకోవాలని ఉంది. కరాటేనా, తైక్వాండోనా, జూడోనా, బాక్సింగా అన్నది తేలడం లేదు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పిపెడుతుంది. ఈ వయసులో నవ్వుతారేమోనని టెన్షన్ కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ మోకాలు ఎముకల డాక్టరుకు చూపించండి. మిగతాది ఆ తర్వాతే.

తైక్వాండో పోటీల్లో ఒంటి మీద గుద్దితే ఒక పాయింటు, తలకు తన్ను తగిలిస్తే మూడు. అందుకే సాధనంతా కాలు పైకి లేపడం మీదే నడుస్తుంది. మీ మోకాలికి అది మొదటి మెట్టు కాదు. బాక్సింగ్ అంటే మనకు నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ గుర్తొస్తుంది. 2022లో, 2023లో ప్రపంచ విజేత. మంచి విద్యే, కానీ రోజూ స్కిప్పింగ్ తాడుతో మొదలవుతుంది. మళ్లీ మోకాలే.

జూడో అంటే నాకు పక్షపాతం ఉంది, దాచను. 1882లో జపాన్‌లో జిగొరో కానో దాన్ని మొదలుపెట్టాడు. అందులో ఎదుటివాణ్ని పడేయడం కంటే ముందు మనం పడటం నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, అరచేతిని చాప మీద చరచాలి. నాకు 22 ఏళ్లప్పుడు ఒక మాస్టారు ఇదేమీ నేర్పకుండా రెండో వారమే వట్టి నేల మీద మమ్మల్ని విసిరేయించాడు. నేను చెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది. వాన పట్టిందంటే ఇప్పటికీ అది నాకే ముందు తెలుస్తుంది. అయినా మీకు జూడో చెప్పను. పట్టు పట్టి తిప్పేటప్పుడు మోకాలు మెలిపడే ప్రమాదం ఉంది.

మీరు ఎలాగూ వారానికి మూడు గంటలు ఒక కరాటే క్లాసు గుమ్మంలోనే ఉంటున్నారు. లోపలికి వెళ్లండి. ఊరి అవతల ఉన్న గొప్ప క్లాసు కంటే వానలో కూడా వెళ్లగలిగే క్లాసు మేలు. కటాలు, అంటే వరస క్రమంలో చేసే కరాటే కదలికలు, ఒంటరిగా చేసేవే కాబట్టి ఇంట్లోనూ సాధన చేయవచ్చు. కొన్ని కరాటే శైలుల్లో మోకాళ్లు బాగా వంచి నిలబడాలి. ‘నేను అంత కిందికి దిగలేను’ అని మొదటి రోజే చెప్పండి. దానికి ఆ మాస్టరు ఏమంటాడో వినండి. ‘మీకు తగ్గట్టు చేయండి’ అంటే చేరండి. ‘నొప్పి ఉంటేనే వస్తుంది’ అంటే కుర్చీకి తిరిగొచ్చేయండి. పెద్దవాళ్ల బ్యాచ్ ఉందా, బెల్టు టెస్టు ఫీజులు ఎంత, ఇవి కూడా అప్పుడే అడగండి. ఏడాదిలో బ్లాక్ బెల్టు ఇప్పిస్తానన్నవాడి దగ్గర మీ అమ్మాయిని కూడా మాన్పించండి. మొదటి బ్లాక్ బెల్టును జపాన్ వాళ్లు ‘షోదాన్’ అంటారు. ఆరంభపు మెట్టని దాని అర్థం. మనవాళ్లేమో ఫ్లెక్సీలు కట్టేస్తారు!

నవ్వుతారనా? నవ్వుతారు, ఒక వారం. పదేళ్ల పిల్లల పక్కన తెల్ల బెల్టుతో నిలబడితే నేనైనా నవ్వుతాను.

మొదటి నెల డ్రెస్ కొనకండి, ట్రాక్ ప్యాంటు చాలు. గోళ్లు కత్తిరించుకోండి. గాజులు, కమ్మలు ఇంట్లోనే తీసి పెట్టి వెళ్లండి. బెల్టు ముడి వేయడం మాత్రం నన్ను అడగకండి, అది మీ అమ్మాయికి వచ్చు.